ఒక బోరింగుకు ఎంతమంది?

ప్రశ్న: ఉగాండాలో దక్షిణ సూడాన్ శరణార్థులున్న యుంబే జిల్లాలో మన ఊరి బోరింగుల్లాంటివే ఉంటాయట, నిజమేనా? అంత జనానికి అవి ఎలా సరిపోతాయి?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: నిజమేనండీ. అక్కడ యు2, యు3 అనే చేతిపంపులు మన ఇండియా మార్క్ 2, మార్క్ 3 నమూనాలే. 2016 జూలైలో దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో పోరు మళ్లీ రాజుకుంది. ఆగస్టులో యుంబేలో బిడిబిడి శిబిరం తెరిచారు. ఏడాది తిరక్కముందే అక్కడికి చేరినవాళ్లు రెండున్నర లక్షలు దాటారు. మొదట ట్యాంకర్లే దిక్కు. తర్వాత బోర్లు, సోలార్ మోటార్లు, కుళాయిలు వచ్చాయి.

ఇక లెక్క. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, ఒక చేతిపంపుకు 500 మందికి మించకూడదు అన్నది సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణం. అంటే రోజుకు 7,500 లీటర్లు. నిమిషానికి 17 లీటర్లు వస్తే ఏడున్నర గంటల్లోపే అయిపోతుంది. 12 లీటర్లే వస్తే పదిన్నర గంటలు ఆగకుండా కొట్టాలి. క్యాన్లు మార్చే సమయం దీనికి అదనం. ఆడవాళ్లు, పిల్లలు తెల్లవారకముందే 20 లీటర్ల క్యాన్లు వరసలో పెట్టేది అందుకే.

ధార ఎందుకు సన్నబడుతుందంటే, ముందు అరిగేవి సిలిండర్ లోపలి వాషర్లు. పొద్దున్నే చాలాసేపు కొడితేగాని నీళ్లు రాకపోతే అడుగు వాల్వు గానీ, పైపు జాయింటు గానీ కారుతోందని అనుమానించాలి. తొలి నీళ్లు ఎర్రగా, తుప్పు వాసనతో వస్తే జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప) పైపులను తుప్పు తినేస్తోందన్నమాట. భూగర్భజలంలో ఆమ్లగుణం ఉన్నచోట ఇది త్వరగా వస్తుంది. అక్కడ మళ్లీ జి.ఐ. దించడం డబ్బు దండగ, స్టెయిన్‌లెస్ స్టీలో పీవీసీయో వేయాలి. మార్క్ 2లో వాషరు మార్చాలన్నా 3 మీటర్ల పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి. మార్క్ 3లో రాడ్లు లాగితే చాలు, పిస్టన్ పైకొస్తుంది. విడిభాగాలు దూరం నుంచి రావలసిన చోట ఈ తేడా చిన్నది కాదు.

ప్రశ్న: మరి స్థానికుల మాటేమిటి?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అడగవలసిన ప్రశ్న. అక్కడ భూమి ఎక్కువగా వంశాల ఉమ్మడి ఆస్తి, శిబిరానికి చోటిచ్చింది వాళ్లే. వంటచెరకుకు చెట్లు పోతున్నదీ వాళ్ల నేల మీదే. శరణార్థులకొచ్చే సహాయంలో 30 శాతం స్థానికులకూ అందాలని ఉగాండా విధానం. కాబట్టి కొత్త బోరు వేసేటప్పుడు రెండు వర్గాలకూ అందే చోటు చూడాలి, నీటి సంఘంలో ఇద్దరినీ కూర్చోబెట్టాలి. మరమ్మతు రుసుము ఒకరి దగ్గరే వసూలు చేస్తే గొడవ అక్కడే మొదలవుతుంది.