కెరటాల ఎత్తు చెప్పే యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో పనేమిటి?

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గర ఊరు. మాకు ఒక మరబోటు ఉంది. కృత్రిమ మేధతో సముద్రం తీరును పది రోజుల ముందే చెబుతుందంటూ వాట్సాప్ గ్రూపులో ఒక యాప్ ఏపీకే ఫైలుగా (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునేది) వచ్చింది. మీటరు కెరటాలని అది చూపిన రోజున అంతకు రెట్టింపు ఎదురయ్యాయని మావాళ్లు అంటున్నారు. దాన్ని నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, కాకినాడ జిల్లా

జవాబు: తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం ముగిసిందంటే చాలు, ఇదే ఫిర్యాదు వేర్వేరు ఊళ్ల నుంచి వస్తుంది. మీవాళ్లు చెప్పింది నిజమే కావచ్చు, యాప్ చూపిన అంకె కూడా తప్పు కాకపోవచ్చు. అంచనాల్లో కెరటాల ఎత్తుగా చూపేది సాధారణంగా ఆ సమయంలో లేచే కెరటాల్లో పెద్దవైన మూడో వంతు వాటి సగటు. ఆ లెక్కన మీటరు అన్నచోట అడపాదడపా రెండు మీటర్ల కెరటం రావడం సహజం. ఈ ఒక్క వాక్యాన్ని తెర మీద రాయడానికి చోటు దొరకని రూపకర్తలకు రంగురంగుల బాణాలు కదిలించడానికి మాత్రం కావలసినంత చోటు దొరుకుతుంది.

కృత్రిమ మేధ నమూనాలను తీసిపారేయవలసిన పని లేదు. ఐరోపా మధ్యకాలిక వాతావరణ అంచనాల కేంద్రం 2025 ఫిబ్రవరిలో అలాంటి నమూనాను రోజువారీ సేవలోకి తెచ్చింది. గాలి, నీటి కదలికల సమీకరణాలను ప్రతిసారీ మొదటి నుంచి సాధించకుండా, దశాబ్దాల రికార్డుల్లో ఏ స్థితి తరువాత ఏ స్థితి వచ్చిందో నేర్చుకొని చెప్పడం వల్ల వీటికి వేగం ఎక్కువ. అయితే సగటు తప్పును తగ్గించేలా శిక్షణ పొందిన నమూనా అరుదైన ఉధృతిని తగ్గించి చూపే అవకాశం ఉంది. తుపాను దారిని చక్కగా పట్టుకున్నవి కూడా దాని తీవ్రతను తక్కువగా అంచనా వేసిన సందర్భాలున్నాయి. పైగా ప్రపంచమంతటికీ పనిచేసే సముద్ర నమూనా నీటిని గళ్లుగా విడగొట్టి లెక్కిస్తుంది, ఒక్కో గడి కిలోమీటర్ల వెడల్పున ఉంటుంది కాబట్టి, నది మొగ దగ్గర ఇసుక తిన్నె మీద కెరటం ఎలా విరుగుతుందో దానికి తెలియదు.

నాకు కోపం తెప్పించేది మరొకటి. తీరం నుంచి కొంత దూరం పోయేసరికి సిగ్నల్ ఉండదు. అప్పుడు చాలా యాప్‌లు ముందురోజు దించుకున్న అంచనాను, అది ఏ వేళ తయారైందో చెప్పకుండా, ఇప్పటిదే అన్నట్టు చూపుతాయి. తయారైన వేళ, లెక్కకు ఆధారమైన సంస్థ కనిపించని అంచనాను చూసి బోటు తీయకండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) మన తీరానికి కెరటాలు, గాలి, ప్రవాహాల అంచనాలను ఉచితంగానే ఇస్తోంది. ముందు అది చూడండి. తుపాను విషయంలో వాతావరణ శాఖ హెచ్చరికే ప్రమాణం.

ఇక మీరు అడగని సంగతి ఒకటుంది, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది అదే. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేను ఎవరు తయారు చేశారో, దారిలో ఎవరు మార్చారో మీకు తెలియదు. సముద్రం సంగతి చెప్పడానికి యాప్‌కు కావలసింది మీ లొకేషన్, అదీ వాడుతున్నంతసేపు మాత్రమే. అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగితే మీ బ్యాంకు ఓటీపీలు దాని చేతిలో పడతాయి. యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇస్తే తెర మీదిది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఇలా బయటి నుంచి వచ్చిన యాప్‌లకు ఆ అనుమతిని ఆండ్రాయిడ్ 13 నుంచి అడ్డుకుంటున్నారు. అందుకే ఆ అడ్డును ఎలా తీసేయాలో మోసగాళ్లు వీడియో చేసి మరీ ఫైలుతోపాటు పంపుతున్నారు. ఆ వీడియో వచ్చిందంటేనే అనుమానించాలి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన చవక ఫోన్లు రేవుల్లో ఎక్కువగా వాడుకలో ఉండటం ఈ మోసగాళ్లకు మరింత అనుకూలం.

మీరు ఇప్పటికే ఆ అనుమతులు ఇచ్చి ఉంటే మొదట డేటా, వైఫై ఆపి, మరో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపివేయించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి. ఆ తరువాత ఫొటోలు, నంబర్లు దాచుకొని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఉత్త అన్‌ఇన్‌స్టాల్‌తో సరిపెట్టుకోవద్దు. బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మార్చడం రీసెట్ అయ్యాకే, అంతకుముందు ఆ ఫోన్‌లో మార్చితే కొత్తవి కూడా వాళ్లకే చేరతాయి.