43 ఏళ్లకు నెలసరి ఎక్కువగా అవుతుంటే గర్భసంచి తీయించేయాలా?

మీరు అడిగింది ఇది: అక్కకు 43 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. ఏడాదిగా నెలసరి పది రోజులు ఉంటోంది, గడ్డలు గడ్డలుగా పడుతోంది. హిమోగ్లోబిన్ 8. స్కానింగ్‌లో "బల్కీ యుటెరస్, 2 సెంటీమీటర్ల ఇంట్రామ్యూరల్ ఫైబ్రాయిడ్" (గర్భసంచి గోడలో పెరిగిన, క్యాన్సర్ కాని గడ్డ) అని రాశారు. పిల్లలు ఎటూ పుట్టేశారు, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, తీయించేస్తే పీడ పోతుంది అని చెప్పారు. వచ్చే వారం ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా?

వచ్చే వారం ఒప్పుకోకండి. మీరు రాసిన రిపోర్టులో వారం రోజుల్లో గర్భసంచి తీసేయాల్సినంత తొందర ఏదీ కనిపించడం లేదు. తొందర పడాల్సినవి వేరే రెండున్నాయి: హిమోగ్లోబిన్ పెంచడం, ఎందుకు అంత అవుతోందో తేల్చడం. ఆ రెండూ చేశాక కూడా ఆపరేషనే కావాలంటే అప్పుడు ధైర్యంగా చేయించుకోవచ్చు. పైగా 8 హిమోగ్లోబిన్‌తో బల్ల మీదికి వెళ్తే రక్తం ఎక్కించాల్సి రావడం, తర్వాత కోలుకోవడం ఆలస్యమవడం మామూలే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. మన ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బులు రావు కదా. అనవసరపు ఆపరేషన్లను ఆపేందుకు కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి "ఇంకో డాక్టరుకు కూడా చూపించుకుంటాం" అనడం అవిధేయత కాదు. మొహమాటం లేకుండా అడగండి.

ఇక ఈ వయసులో నెలసరి ఎందుకు తప్పుతుంది, ఎందుకు పొంగుతుంది? మన దేశంలో ముట్లు ఆగిపోయే సగటు వయసు 46-47. దానికి నాలుగైదేళ్ల ముందు నుంచే కొన్ని నెలలు అండం విడుదల కాదు. అండం విడుదలైతేనే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారవుతుంది. అది లేని నెల ఈస్ట్రోజెన్ ఒక్కటే పనిచేసి గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతూ పోతుంది. ఆ పొర ఒక్కసారిగా రాలదు. ఇక్కడింత అక్కడింత చొప్పున రోజుల తరబడి ఊడుతుంది. రెండు నెలలు రాకుండా, వచ్చినప్పుడు పది పన్నెండు రోజులు ఆగకుండా ఉండేది చాలామందిలో ఇందుకే. ఇది కాకుండా లోపల పాలిప్ (లోపలి పొరలో మొలిచిన చిన్న కండ) ఉండొచ్చు, ఫైబ్రాయిడ్ ఉండొచ్చు, గర్భసంచి గోడలోకి లోపలి పొర చొచ్చుకుపోయే ఎడినోమయోసిస్ ఉండొచ్చు (ఇందులో నొప్పి కూడా బాగా ఉంటుంది), థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు, కాపర్-టీ ఉండొచ్చు, గుండెకు వాడే రక్తం పలచబడే మాత్రలు కారణం కావొచ్చు. కొద్దిమందిలో క్యాన్సర్ లేదా దాని ముందు దశ. కారణాన్ని బట్టి వైద్యం పూర్తిగా మారిపోతుంది. అందుకే కారణం పేరు తెలియకుండా ఆపరేషన్ తేదీ తీసుకోకూడదు.

స్కానింగ్ రిపోర్టులో భయపెట్టే మాటలు చూద్దాం. "బల్కీ" అంటే మామూలుకన్నా కాస్త పెద్దది అని మాత్రమే. కాన్పులైన గర్భసంచి 9-10 సెంటీమీటర్లు ఉండడం వింత కాదు. ఫైబ్రాయిడ్ విషయంలో సైజు కన్నా అది ఎక్కడుందన్నది ముఖ్యం. లోపలి కుహరంలోకి పొడుచుకొచ్చిన సబ్‌మ్యూకస్ గడ్డ ఒక్క సెంటీమీటరుదైనా నెలసరిని పొంగిస్తుంది. బయటికి పెరిగిన సబ్‌సీరస్ గడ్డ ఐదు సెంటీమీటర్లున్నా నెలసరి జోలికి రాకపోవచ్చు. మీ అక్కకున్నలాంటి గోడలోని రెండు సెంటీమీటర్ల గడ్డ కుహరాన్ని నొక్కకపోతే, ఇంత రక్తస్రావానికి అదొక్కటే కారణం అయ్యే అవకాశం తక్కువ. ఫైబ్రాయిడ్లు క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. ముట్లు ఆగిపోయాక అవి వాటంతట అవే కుంచించుకుపోతాయి కూడా. "నబోథియన్ సిస్టులు" అని రాసుంటే అవి హానిలేని చిన్న నీటి బుడగలు. గర్భసంచి ముఖద్వారం దగ్గర "పుండు" ఉందన్నా, తెల్లబట్ట అవుతోందన్నా అవి గర్భసంచి తీయడానికి కారణాలు కావు. వాటికి పరీక్షలున్నాయి, మందులున్నాయి.

ఎండోమెట్రియం (గర్భసంచి లోపలి పొర) మందం దగ్గర చాలామంది తికమక పడతారు. నెలసరి వస్తున్నవాళ్లలో ఆ పొర నెల చివరికొచ్చేసరికి 14-16 మిల్లీమీటర్లు ఉండడం సహజం. అందుకే స్కానింగ్ నెలసరి మొదలైన ఐదో రోజు నుంచి పదో రోజు లోపు, యోని ద్వారా చేసే లోపలి స్కానింగ్‌గా చేయించుకుంటే స్పష్టంగా తెలుస్తుంది. పొట్ట మీద నుంచి చేసే స్కానింగులో చిన్న పాలిప్‌లు దొరక్కపోవచ్చు.

ఇప్పుడు చేయించాల్సినవి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), మూత్రంలో గర్భ పరీక్ష (43 ఏళ్లకూ గర్భం వస్తుంది, నెల తప్పి మళ్లీ ఎక్కువగా అవుతుంటే ఇది ముందు చూడాలి), లోపలి స్కానింగ్, గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ ముప్పును ముందే పట్టే పాప్ లేదా హెచ్‌పీవీ పరీక్ష. వీటితోపాటు, మరీ ముఖ్యంగా, లోపలి పొర బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). నలభై దాటి ఇలా అవుతుంటే, అందులోనూ బరువు, షుగర్, పీసీఓడీ ఉంటే, బయాప్సీ లేకుండా ముందుకెళ్లకూడదు. పైపెల్ అనే దాదాపు 3 మిల్లీమీటర్ల సన్నని గొట్టంతో ఓపీలోనే కొన్ని నిమిషాల్లో తీస్తారు. మత్తు అక్కర్లేదు. నెలసరి నొప్పిలాంటి మెలిక కాసేపు ఉంటుంది. "క్యాన్సర్ అవుతుందేమో" అన్న భయానికి జవాబు ఈ ముక్కలో ఉంటుంది, ఆపరేషన్‌లో కాదు. రిపోర్టులో "ప్రొలిఫరేటివ్" అనో "సెక్రెటరీ" అనో ఉంటే మామూలే. "హైపర్‌ప్లేసియా వితౌట్ ఎటిపియా" (పొర మందమైంది కానీ కణాల తీరు మారలేదు) అయితే హార్మోన్ మందులతో ఎక్కువమందికి తగ్గుతుంది, మధ్యమధ్యలో బయాప్సీ మళ్లీ చూడాలి. "ఎటిపికల్ హైపర్‌ప్లేసియా" (కణాల తీరు కూడా మారిన, క్యాన్సర్ ముందు దశ) అని వస్తే మాత్రం ఆపరేషన్ మాట నిజమైన సలహా.

హిమోగ్లోబిన్ సంగతికొద్దాం, ఎందుకంటే ఎక్కువమంది తప్పులు చేసేది ఇక్కడే. గర్భం లేని స్త్రీకి 12 ఉండాలి, 8 కన్నా తగ్గితే తీవ్ర రక్తహీనత. మీ అక్క ఆ అంచున ఉన్నారు. 60 కిలోల మనిషికి 8 నుంచి 15కు చేర్చి, నిల్వలు కూడా నింపాలంటే లెక్క ప్రకారం సుమారు 1,500 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. తిండి నుంచి మన ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్ రసంతో ఈ లోటు పూడదని ఈ లెక్కే చెబుతుంది. తోటకూర, మునగాకు, రాగులు, వారానికి ఒకసారి మేక కార్జం తినండి, మంచిదే. కానీ మాత్రలకు బదులుగా కాదు.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వారానికొకటి వేసుకునేది రక్తహీనత రాకుండా. వచ్చాక రోజూ ఎన్ని వేయాలో డాక్టరు చెబుతారు. పరగడుపున లేదా తిన్న రెండు గంటలకు, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్రకు కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర వాడుతుంటే నాలుగు గంటలు. గ్యాస్ మాత్ర రోజూ మింగుతుంటే ఇనుము సరిగా పట్టదు, డాక్టరుకు ఆ మాట చెప్పండి. మలం నల్లగా రావడం మామూలే. వికారం, మలబద్ధకం ఎక్కువైతే మానేయకుండా తిన్నాక వేసుకోవడమో, డాక్టరును అడిగి రోజు విడిచి రోజు వేసుకోవడమో చేయండి. రోజు విడిచి రోజు వేస్తే ఒక్కో మాత్రలోంచి పట్టే ఇనుము ఎక్కువ. నాలుగు వారాలకు మళ్లీ రక్త పరీక్ష చేయిస్తే కనీసం ఒక పాయింటు పెరగాలి. పెరగకపోతే మాత్రలు సరిగా వేసుకోకపోవడం, రక్తస్రావం ఆగకపోవడం, బీ12 తక్కువగా ఉండడం, పుట్టుకతో వచ్చిన తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారు కాని జన్యు లోపం) లక్షణం, ఈ నాలుగూ చూడాలి. 12కు వచ్చేసింది కదా అని అక్కడితో ఆపేస్తే రెండు మూడు నెలల్లో మళ్లీ కిందికి దిగుతుంది. 12 వచ్చాక ఇంకో మూడు నెలలు వేస్తేనే నిల్వ నిండుతుంది.

మాత్రలు పడనివాళ్లకు, త్వరగా పెరగాల్సినవాళ్లకు సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. ఫెర్రిక్ కార్బాక్సిమాల్టోజ్ అయితే ఒక్క విడతలో వెయ్యి మిల్లీగ్రాముల వరకు ఇవ్వచ్చు, ఐరన్ సుక్రోజ్ అయితే 200 చొప్పున నాలుగైదు సార్లు. మీ అక్క విషయంలో దీని గురించి తప్పక అడగండి.

రక్తస్రావం ఆపే మందుల్లో మొదటిది ట్రానెక్సామిక్ ఆమ్లం. ఎక్కువగా అయ్యే రోజుల్లో మాత్రమే, సాధారణంగా ఒక గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, నాలుగైదు రోజులు. సగానికి దగ్గరగా తగ్గిస్తుంది. కాళ్లలోగాని ఊపిరితిత్తుల్లోగాని ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు వాడకూడదు. నొప్పి కూడా ఉంటే మెఫెనమిక్ ఆమ్లం, తిన్నాకే. అల్సర్, ఉబ్బసం, కిడ్నీ జబ్బు ఉంటే వద్దు. పూజలకు, పెళ్లిళ్లకు నెలసరి వాయిదా వేయడానికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నోరెథిస్టిరాన్ కూడా డాక్టరు చెప్పిన రోజుల లెక్కతో వాడితే రక్తస్రావాన్ని ఆపుతుంది. ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో మళ్లీ నెలసరి వస్తుంది. మందు పనిచేయలేదనుకుని భయపడి చాలామంది అక్కడే ఆపరేషన్‌కు సిద్ధమైపోతారు. అది మందు ఆపినందుకు వచ్చే సహజమైన రక్తస్రావం.

అన్నిటికన్నా ఎక్కువగా పనిచేసేది, మన దగ్గర ఎక్కువ అనుమానంతో చూసేది, హార్మోన్ లూప్. 52 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్ ఉన్న చిన్న టీ ఆకారపు పరికరం. మిరెనా అంటే డాక్టర్లకు తెలుస్తుంది. కాపర్-టీతో దీన్ని కలపకండి, కాపర్-టీ రక్తస్రావాన్ని పెంచుతుంది, ఇది తగ్గిస్తుంది. లోపలి పొరనే పలచబరచడం వల్ల ఆరు నెలల నుంచి ఏడాదిలో చాలామందికి 70-90 శాతం తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది. కనీసం ఐదేళ్లు పనిచేస్తుంది, అంటే 43లో పెట్టించుకుంటే చాలామందికి ముట్లు ఆగేదాకా గట్టెక్కుతుంది. ఇబ్బంది మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో: రోజూ కొద్దికొద్దిగా మరకలు పడుతూనే ఉంటాయి. ఈ మాట ముందే చెప్పకపోవడం వల్లే నెలకే తీయించేసుకుంటారు. గర్భసంచి కుహరం ఆకారం మారిపోయి ఉన్నవాళ్లకు, పెద్ద సబ్‌మ్యూకస్ గడ్డ ఉన్నవాళ్లకు ఇది జారిపోవచ్చు. వాళ్లకు ముందు హిస్టెరోస్కోపీతో (యోని ద్వారా సన్నని కెమెరా గొట్టం పంపి) పాలిప్‌నో గడ్డనో తీసేస్తారు, గర్భసంచి అలాగే ఉంటుంది.

ఇవేవీ పనిచేయకపోతే, లేదా బయాప్సీలో చెడు కణాలు ఉంటే, పెద్ద గడ్డలు మూత్రాన్ని, మలాన్ని అడ్డుకుంటుంటే, గర్భసంచి తీయించుకోవడం సరైన వైద్యమే. అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: అండాశయాలు ఉంచుతున్నారా, తీస్తున్నారా? సంతకం పెట్టే కాగితంలో "బీఎస్‌ఓ" అనో "బైలాటరల్ సాల్పింగో ఊఫొరెక్టమీ" అనో ఉంటే రెండు అండాశయాలూ తీస్తున్నట్టు. 43కే తీస్తే మర్నాటి నుంచే ముట్లుడిగిన స్థితి: ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ముందే ఎముకల అరుగుదల, గుండెజబ్బు ముప్పు పెరగడం. కుటుంబంలో అండాశయ, రొమ్ము క్యాన్సర్ల జన్యు లోపం ఉన్నవాళ్లకు మాత్రం తీయడానికి బలమైన కారణం ఉంటుంది. తీసిన గర్భసంచిని బయాప్సీకి పంపారా లేదా అడిగి, ఆ రిపోర్టు ఇంట్లో పెట్టుకోండి.

ఇంకా ఆగకూడని సందర్భాలు: గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరుసగా తడిసిపోవడం, లేవగానే కళ్లు తిరగడం, కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఎటూ వెళ్తున్నారు కాబట్టి బీపీ, షుగర్ కూడా చూపించండి. 30 దాటినవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, తెలంగాణలో బస్తీ దవాఖానాల్లో ఉచితంగా చూస్తారు. రొమ్ములను డాక్టరు చేత పరీక్ష చేయించడం కూడా ఆ రోజే అయిపోతుంది. హెచ్‌పీవీ పరీక్ష బాగుంటే ఐదేళ్లకు మళ్లీ, పాప్ అయితే మూడేళ్లకు.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం మీద రాసుకెళ్లండి: గత మూడు నెలలుగా నెలసరి ఏ తేదీన మొదలై ఏ తేదీన ఆగింది, ఎక్కువగా ఉన్న రోజు ఎన్ని ప్యాడ్లు మార్చారు, రాత్రి లేచి మార్చాల్సి వచ్చిందా, రూపాయి బిళ్లకన్నా పెద్ద గడ్డలు పడ్డాయా, వాడుతున్న మాత్రలన్నిటి పేర్లు. "చాలా అవుతోందండీ" అన్న మాటకన్నా ఈ కాగితం చూసి ఇచ్చే సలహా ఎక్కువ సరిగ్గా ఉంటుంది. ముట్లు పూర్తిగా ఆగి పన్నెండు నెలలు దాటాక ఒక్క చుక్క కనిపించినా, అది నెలసరి తిరిగి రావడం కాదు; లోపలి పొర 4 మిల్లీమీటర్లు దాటి ఉంటే అప్పుడు కూడా బయాప్సీ చేయించాల్సిందే.