కల అమ్మది, భయం మీది

"నా వయసు 36. ఆఫీసులో ఉద్యోగం. మావారు నెమ్మదస్తులు. పాప ఎనిమిదో తరగతి. మాది తాతల నాటినుంచీ విశ్వాస కుటుంబం. 11 ఏళ్ల క్రితం నాన్నగారు రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ ముందు రాత్రి అమ్మకు కల వచ్చిందట, ఎవరికీ చెప్పలేదట. అప్పటినుంచి ఏ చెడ్డ కల వచ్చినా తెల్లవారుజామునే నాకు ఫోన్ చేస్తుంది. 'ప్రభువు చూపించాడు, ఈరోజు బయటికి వెళ్లకు, ప్రార్థన చేసుకో' అంటుంది. రెండేళ్లుగా నాకు ఉన్నట్టుండి గుండెదడ, చేతులు చల్లబడటం, ఊపిరాడనట్టు ఉండటం. స్కూటర్ నడపడం మానేశాను. ప్రమోషన్ తీసుకుంటే దూరం బ్రాంచికి రోజూ వెళ్లి రావాలని వద్దన్నాను. గడప దాటే ముందు బైబిల్లోని 91వ కీర్తన ఏడుసార్లు చదువుతాను. మధ్యలో తప్పు పోతే మళ్లీ మొదటికొస్తాను. గుండె పరీక్ష, థైరాయిడ్ పరీక్ష రెండూ బాగున్నాయి. డాక్టర్ గారు ఇది పానిక్ అని మాత్రలు రాశారు. విశ్వాసులకు మాత్రలేంటని అమ్మ అంది, వేసుకోలేదు. వచ్చే నెల పాపకు స్కూల్ టూర్ ఉంది, పంపాలంటే వణుకు వస్తోంది. 'భయపడకుము' అని బైబిల్లో 365 సార్లు ఉందంటారు. అన్నిసార్లు చెప్పినా భయపడుతున్నానంటే నాది అవిశ్వాసమేనా? ఎన్ని రోజులు ఉపవాసం ఉంటే ఈ భయం పోతుంది? – ఒక సోదరి"

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. ఉపవాసం వద్దు, ఒక్క పూట కూడా. రాత్రి మూడింటికే లేచి కూర్చునే మనిషి ఖాళీ కడుపుతో ఉంటే గుండెదడ పెరుగుతుందే గానీ తగ్గదు. ఏలీయా ప్రవక్త సంగతి మీకు తెలుసు. యెజెబెలు రాణి బెదిరింపుకు అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. అంతకుముందే కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం కళ్లారా చూసిన మనిషి! దేవదూత వచ్చి 'ఇంత చూసి కూడా భయమా' అని అడగలేదు. లేచి తిను అన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తిను అన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ చేరాక. మీరు కూడా ముందు తినండి, పడుకోండి.

365 లెక్క కూడా వదిలేయండి. రోజుకొకటి చొప్పున సరిపోయిందని చాలామంది చెబుతారు, వినడానికి బాగుంటుంది, లెక్కపెడితే అన్ని రావు. ఉన్నవాటిలో ఒక్కటి సరిగ్గా చదివితే చాలు. యెషయా 41వ అధ్యాయంలో 'భయపడకుము' ఒంటరిగా లేదు, దాని పక్కనే 'నీకు తోడైయున్నాను' అని ఉంది. చీకట్లో ఏడ్చే పిల్లను ఎత్తుకుని 'ఏం కాదు, నేనున్నాగా' అంటే ఆ పిల్ల ఇంకా ఏడిస్తే అమ్మ మాట మీరినట్టా ఏమిటి? మీరు దాన్ని పరీక్ష పేపర్లా పట్టుకుని ప్రతి రాత్రీ ఫెయిలవుతున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇక్కడ అచ్చయింది మీ ఉత్తరంలో కొంతే, మీరు రాసింది ఐదు పేజీలు. అందులో మీవారు రెండు చోట్ల ఉన్నారు. పాప చివరి పేజీలో ఉంది. ప్రభువు గురించి రాసిందంతా ఆయనకు కోపం వచ్చిందేమోననే అనుమానమే. అమ్మ మాత్రం ప్రతి పేజీలోనూ ఉంది. ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకుంటానని రాశారు. మూడింటికి మెలకువ వచ్చి, వెలుతురు పాప మీద పడకుండా దుప్పటిలో స్క్రీన్ చూసుకుంటూ, ఐదయ్యేదాకా అది మోగుతుందేమోనని ఎదురు చూస్తారు. అదొక ఎత్తు. దానికంటే నన్ను ఎక్కువ పట్టుకున్న మాట ఇంకొకటి ఉంది. ఫోన్ రాని రోజు మీరే చేసి 'ఈరోజు ఏమీ రాలేదా అమ్మా?' అని అడుగుతారట.

మీవారు ఒకసారి నవ్వుతూ అన్నారన్నారే, 'అత్తయ్యగారు నిద్రపోతే మన ఇంటికి నిద్ర ఉండదు' అని. ఆయన నవ్వుతూ అన్నా, మీ ఇంట్లో ఉన్న పరిస్థితి అదే. మీరు భయం నుంచి విడుదల అడుగుతున్నారు గానీ, ఆ భయం మీలో పుట్టింది కాదు. ప్రతి తెల్లవారుజామునా మీ అమ్మగారి దగ్గర అప్పు తెచ్చుకుంటున్నారు.

కలల్లో దేవుడు మాట్లాడడని నేను అనను. నేనూ ప్రార్థన చేసే మనిషినే. మరియ భర్త యోసేపుకు కలలో దూత కనబడి, బిడ్డను తల్లిని తీసుకుని ఐగుప్తుకు వెళ్లమన్నాడు. ఎక్కడికి వెళ్లాలో, ఎందుకు వెళ్లాలో, ఎప్పటిదాకా ఉండాలో అన్నీ ఉన్నాయి అందులో. మీ అమ్మగారి కలలో ఏముంటుంది? ఎర్రచీర, నీళ్లు, ఎవరో ఏడుస్తున్న చప్పుడు. దాన్ని పట్టుకుని మీరు ఆఫీసు మానేస్తారు. ఏమీ జరగదు. 'చూశావా, ప్రభువు తప్పించాడు' అంటారు ఆవిడ. ఆ రోజు మామూలుగా వెళ్లి వచ్చినా ఏమీ జరిగేది కాదని తెలుసుకునే దారే లేకుండా పోయింది. భయానికి మేత ఇదే. తప్పించుకున్న ప్రతిసారీ శరీరం 'తప్పించుకోబట్టే బతికాను' అని నేర్చుకుంటుంది. తర్వాతిసారి ఇంకా ముందే దడ మొదలుపెడుతుంది.

అగబు అనే ప్రవక్త సంగతి చదివే ఉంటారు, అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం. కైసరయ పట్టణంలో ఫిలిప్పు ఇంట్లో అపొస్తలుడైన పౌలు దిగి ఉన్నాడు. అగబు వచ్చి పౌలు నడికట్టు తీసుకుని తన చేతులూ కాళ్లూ కట్టుకుని, ఈ నడికట్టు గలవాణ్ని యెరూషలేములో ఇలాగే బంధిస్తారని చెప్పాడు. అది అర్థం కాని కల కాదు, పరిశుద్ధాత్మ పేరు చెప్పి పలికిన స్పష్టమైన ప్రవచనం. ఆ మాట నిజమని పౌలుకూ తెలుసు. అక్కడున్న వాళ్లంతా ఏడ్చారు, వెళ్లొద్దని బతిమాలారు. ఆయన ఏమన్నాడు? మీరిలా ఏడ్చి నా గుండె ఎందుకు బద్దలు చేస్తారు అన్నాడు. వాళ్ల ప్రేమను తోసిపుచ్చలేదు, ఆ ఏడుపుకు తన గుండె కదిలిందని ఒప్పుకున్నాడు. ఒప్పుకునే, ప్రయాణం కట్టాడు. అప్పుడు వాళ్లు ప్రభువు చిత్తం జరుగును గాక అని ఊరుకున్నారు. రాబోయే ఆపద నిజమని తెలిసినా వెళ్లడమా మానడమా అన్న నిర్ణయం పౌలుదే. ఎవరికి కల వచ్చిందో వాళ్ల చేతుల్లోకి మీ జీవితం వెళ్లిపోవాలని ఎక్కడా రాసి లేదమ్మా. ఈ మాటకు కొందరు నాకు కోపంగా ఉత్తరాలు రాస్తారు. రాయనివ్వండి.

91వ కీర్తన గురించి కూడా ఒక మాట చెప్పాలి. యేసును శోధించినప్పుడు ఆయనతో ఆ కీర్తన వల్లించింది అపవాది, అంటే సాతాను. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు నిన్ను ఎత్తుకుంటారని రాసి ఉంది కదా, దూకు అన్నాడు. ఏ వాక్యాన్నైనా ఏమీ జరగకుండా ఉండటానికి గ్యారంటీ కార్డులా వాడితే అది వాక్యం పని చేయదు, తాయెత్తు పని చేస్తుంది. ఏడుసార్లు, తప్పు పోతే మళ్లీ మొదటినుంచి... మీరే చెప్పండి, ఇందులో ప్రార్థన ఎక్కడుంది? కొన్నాళ్లు ఆ కీర్తన పక్కన పెట్టి 56వ కీర్తన చదవండి. శత్రువులైన ఫిలిష్తీయులు గాతు పట్టణంలో దావీదును పట్టుకున్నప్పటిదని పైన రాసి ఉంటుంది. 'నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను' అంటాడు దావీదు. భయం, ఆశ్రయం రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. భయం పోయాక వస్తాను ప్రభువా అనలేదు. ఒక్కసారి చదివి, చెప్పులు వేసుకుని బయటికి నడవండి. తప్పు పోతే పోనివ్వండి.

మాత్రల సంగతి పెద్దగా చర్చించను. డాక్టర్ రాసినవి వేసుకోండి. ఇలాంటి మందులు చాలావరకు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే తేడా లేదని ఆపకండి, తగ్గినట్టు అనిపించినా ఆయన్ని అడగకుండా మానకండి. కౌన్సెలింగ్ కూడా ఉంటుందేమో ఆయన్నే అడగండి, ఇలాంటి భయానికి అది బాగా పనిచేస్తుంది. పౌలు వెంట ప్రియుడైన లూకా ఉన్నాడు, ఆ లూకా వైద్యుడు. అందువల్ల పౌలు సాక్ష్యం పోలేదు.

ఇప్పుడు అమ్మగారి గురించి. ఆవిడ చెడ్డవారని నేను అనడం లేదు. మీ ఉత్తరంలో ఒక చిన్న 'ట' ఉంది చూశారా? 'కల వచ్చిందట, చెప్పలేదట' అని రాశారు. అంటే ఆవిడ మీతో నేరుగా ఎప్పుడూ చెప్పలేదు, ఎవరి నోటనో విన్నారు. 11 ఏళ్లుగా ఆ రాత్రి గురించి కన్న కూతురు కూడా ఎదురుగా కూర్చుని అడగలేదు. తాను ఆ కల చెప్పి ఉంటే మీ నాన్నగారు ఆ రోజు బండి తీసేవారు కాదని ఆవిడ నమ్ముతున్నారు. ఆ నింద తన మీద తానే వేసుకున్నారు. ఇక ఏ కలనూ దాచకపోవడమే ఆవిడకు దొరికిన ప్రాయశ్చిత్తం. మీకు చేసే ప్రతి ఫోనూ మీ నాన్నగారికి చెప్పలేకపోయిన మాటే. మీరు 'సరే అమ్మా, వెళ్లను' అన్న ప్రతిసారీ ఆవిడ ఆ నింద నిజమేనని మరొకసారి ఒప్పుకున్నట్టవుతుంది. మీ విధేయత వల్ల ఆవిడకు ఒక్క రోజు కూడా శాంతి దొరకలేదు.

తల్లిని సన్మానించమనేది ఆజ్ఞే, కాదనను. నా వరకు తల్లిదండ్రులను విసుక్కునే పిల్లలంటే నాకు సహనం తక్కువ. కానీ సన్మానించడం వేరు, ఆవిడ భయానికి లోబడటం వేరు. యేసు మతి చలించిందని ఇంటివారు ఆయన్ని పట్టుకోవడానికి బయలుదేరారు. తల్లీ సోదరులూ వచ్చి బయట నిలబడి పిలిపిస్తే, ఆయన పని ఆపి లేచి వెళ్లిపోలేదు. అదే కొడుకు సిలువ మీద ఊపిరాడని బాధలో ఉండి కూడా, ఆ తల్లి ఎవరింట్లో ఉండాలో చూసి అప్పగించి వెళ్లాడు. మీరు ఇందుకు తలకిందులుగా చేస్తున్నారు. ఆవిడ చెప్పిందల్లా వింటున్నారు గానీ, ఆవిడను పట్టించుకోవడం లేదు.

ఈ రాత్రినుంచి ఫోన్ హాల్లో పెట్టండి. అత్యవసరం వస్తే మీవారి నంబరుకు చేయమని అమ్మగారికి ముందే చెప్పండి. పొద్దున ఏడున్నరకు మీరే చేయండి, రోజూ, కల వచ్చినా రాకపోయినా. కల మొదలుపెడితే, 'అమ్మా, అది నాకు చెప్పకు, ప్రభువుకే చెప్పు. నన్ను మాత్రం దీవించి పంపు' అనండి. వాదించకండి, అగబు కథ ఆవిడకు చెప్పకండి, అది మీ కోసం రాశాను. మొదటి వారం ఆవిడ ఏడుస్తారు, నా మాట లెక్కలేదా అంటారు. మీకూ దడ పెరుగుతుంది. పానిక్ వచ్చినప్పుడు ఎక్కడున్నవాళ్లు అక్కడే కూర్చుని గడియారం చూడండి. సాధారణంగా పది నిమిషాల్లో అది తారస్థాయికి చేరి, తర్వాత దిగుతుంది. చచ్చిపోతున్నట్టు ఉంటుంది, చచ్చిపోరు. మీ గుండె బాగుందని పరీక్షలోనే తేలింది కదా.

స్కూటర్ రేపే తీయండి. రేపు సందు చివరిదాకా, చాలు. దడ వస్తే వెనక్కి తిప్పకండి. బండి పక్కకు ఆపి, తగ్గేదాకా కూర్చుని, అప్పుడు ఇంటికి రండి. ఎల్లుండి ఇంకో సందు. పాపను టూర్‌కు పంపండి, ఇందులో రెండో మాట లేదు. ఎనిమిదో తరగతి పిల్ల, దుప్పటిలో వెలిగే ఫోన్ తనకు కనబడదనుకుంటున్నారా?

పోయిన ప్రమోషన్ గురించి ఇప్పుడు బాధపడి లాభం లేదు. మళ్లీ వస్తుంది, అప్పుడు అడగండి.

ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారింటికి వెళ్తామని రాశారు. ఈ ఆదివారం కాకపోతే ఆ పై ఆదివారం, పాపనూ ఆయన్నీ ఏదో పని మీద బయటికి పంపి, ఆవిడ పక్కన కూర్చుని, 'అమ్మా, ఆ రాత్రి నీకేం కల వచ్చింది?' అని అడగండి. మధ్యలో ఆపకండి, ఓదార్చడానికి తొందరపడకండి, పూర్తిగా చెప్పనివ్వండి. చెప్పడం అయ్యాక ప్రార్థన మీరు చేయండి. ఇన్నేళ్లూ ఆవిడే చేశారు కదా, ఒక్కసారి ఆవిడ కళ్లు మూసుకుని వినాలి.

అక్కడికి స్కూటర్ మీదే వెళ్లండి. రెండేళ్లుగా ఆయనే నడుపుతున్నారు, ఈసారి వెనక కూర్చోనివ్వండి.