కౌంటర్ అవతల: దానమంటే వద్దంటారు, అప్పంటే తీసుకుంటారు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే గొడవ మీద ఉన్నాయి. ఎవరికో డబ్బులు తక్కువయ్యాయి, మనం చేయి చాపాం, ఎక్కడో బెడిసికొట్టింది. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క ముక్క. నేను డాక్టర్ని కాదు, సేవా సంస్థలూ అవీ నడపలేదు. కాకినాడలో పెద్దాసుపత్రి దగ్గర ఒక సందులో 31 ఏళ్లు మందుల షాపులో కూర్చున్నాను. ముందు మామగారిది, తర్వాత మాది, ఇప్పుడు మా అబ్బాయిది. నాకు తెలిసిందంతా ఆ కౌంటర్ దగ్గర తెలిసిందే.

ప్రశ్న: సూపర్ మార్కెట్‌లో నా ముందు ఒకావిడ నిలబడింది, వెంట ఏడెనిమిదేళ్ల పాప. బిల్లు 412 అయింది. ఆవిడ దగ్గర 350 ఉన్నాయి. నూనె ప్యాకెట్టూ, పాప చేతిలో బిస్కెట్లూ పక్కన పెట్టించబోయింది. నేను "పర్లేదమ్మా, మిగతాది నేనిస్తాను, తీసుకెళ్లండి" అన్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. సంచీ మొత్తం అక్కడే వదిలేసి పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు. నేను చేసిన తప్పేమిటి?
— ఒక టీచరు, తణుకు

జవాబు: మీ మనసులో తప్పేం లేదు టీచరుగారూ, తప్పల్లా మీ గొంతుది. రోజూ యాభై మంది పిల్లలకి వినపడాల్సిన గొంతు కదా, ఆ లైన్లో చివరి మనిషి దాకా వినపడి ఉంటుంది.

నవ్వడం లేదు. ఈ పని నేనూ చేశాను, మీకంటే ఘోరంగా. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. చెట్లే లేకపోతే దింపు తీసేవాళ్లకి పనెక్కడిది? అలాంటి ఒకతను కాకినాడ వచ్చి మూటలు మోసేవాడు. కొడుక్కి ఫిట్స్. పది రోజులకోసారి పది మాత్రలు కొనుక్కెళ్లేవాడు. ఒకసారి ఏడు రూపాయలు తగ్గాయి, "ఆరు మాత్రలే ఇవ్వండమ్మా" అన్నాడు. నేను చాలా ఉదారంగా, "ఏడు రూపాయలే కదయ్యా, ఉండనీ, పట్టికెళ్లు, పాపం పిల్లాడికి" అన్నాను. వెనకున్న ముగ్గురూ తలెత్తి అతన్ని చూశారు. అతను స్ట్రిప్ నా వైపు జరిపి, "ఆరే ఇవ్వండమ్మా" అన్నాడు మళ్లీ. ఆరు తీసుకున్నాడు. మళ్లీ మా షాపు మెట్టెక్కలేదు. నాలుగు నెలల తర్వాత మెయిన్ రోడ్డు మీద ఇంకో షాపు దగ్గర కనపడ్డాడు. నన్ను చూసి మొహం అటు తిప్పుకున్నాడు. అప్పటికి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. ఫిట్స్ మాత్ర ఒక్క పూట మానకూడదు, ఆ పిల్లాడికి మానెయ్యలేదన్నమాట.

ఆ ఏడు రూపాయల రోజున మా మామగారు లోపల లెక్కలు చూసుకుంటున్నారు. అతను వెళ్లాక ఒక్క మాటే అన్నారు. "మందుతో పాటు 'పాపం' కూడా పొట్లం కట్టి ఇచ్చావమ్మా. అది ఎవరు మోస్తారు?"

తర్వాత పద్దు పుస్తకం తిరగేసి వెనక పేజీలు చూపించారు. ఆయన దాన్ని ధర్మం ఖాతా అనేవారు. పాత వర్తకుల ఇళ్లలో ఉండేదే, పైన ఆ పేరు కూడా రాసుంది. కానీ కొన్నవాడికి మాత్రం ఎప్పుడూ ఆ మాట చెప్పలేదు. "రాసుకుంటాలే, మళ్లీ వచ్చినప్పుడు ఇవ్వు" అనేవారు. నిజంగానే రాసేవారు. పేర్లు అడిగేవారు కాదు. "ఎర్ర చొక్కా 4 రూ.", "పెద్దాపురం ముసలమ్మ 11 రూ.", "పంటి నొప్పి, సైకిలు 6 రూ." ఇలా ఉండేది ఆ పేజీ. సగం పైనే తిరిగొచ్చేవి. కొందరు డబ్బులే ఇచ్చేవారు. పెద్దాపురం ముసలమ్మ మాత్రం రెండు వేసవుల పాటు తాటి ముంజలు తెచ్చి కౌంటర్ మీద పెట్టేది. ఆ 11 రూపాయలూ ఎప్పుడో తీరిపోయాయని చెప్పినా వినేది కాదు. రానివి ఉగాదికి అడ్డగీత కొట్టేసి కొత్త పేజీ మొదలుపెట్టేవారు.

మీ ఉత్తరానికి నేను చెప్పగలిగింది ఇదే. దానం వద్దన్న మనిషి అప్పు తీసుకుంటుంది. ఇంకోసారి ఇలా ఎదురైతే బిల్లు వేసే కుర్రాడితో మాట్లాడకండి, ఆవిడకి దగ్గరగా జరిగి ఆవిడతోనే చిన్నగా అనండి: "అక్కా, నాకు 500 నోటుకి చిల్లర కావాలి. మీ 350 నాకివ్వండి, మొత్తం బిల్లు నేను కట్టేస్తాను. ఆ 62 ఎప్పుడైనా ఇక్కడ ఇచ్చేయండి." అప్పుడు ఆవిడ కూడా మీకు ఒక పని చేసిపెట్టినట్టవుతుంది. 62 తిరిగొస్తాయా అని లెక్క వేసుకోకండి. ఇస్తానని చెప్పి సంచీతో బయటికి నడిచింది, పాప చేతిలో బిస్కెట్లున్నాయి, అంతే.

ఇంకో మాట, ఇది మీకు నచ్చకపోవచ్చు. ఓ రెండు వారాలు ఆ షాపుకి వెళ్లకండి. క్షమాపణ చెబుదామని ఆవిడ కోసం అక్కడ కాచుకుని అసలు కూర్చోకండి. ఆవిడకి చవగ్గా దొరికే షాపు అదొక్కటే అయ్యుండొచ్చు. లోపల మీరు కనపడితే గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతుంది.

ప్రశ్న: హనుమకొండ బస్టాండులో ఒకాయన పర్సు పోయిందని, ఊరెళ్లడానికి డబ్బుల్లేవని ఏడ్చినంత పని చేస్తే 500 ఇచ్చాను. మూడో రోజు అదే చోట, అదే కథ, ఇంకొకరికి చెబుతున్నాడు. నేను చదువుకుంటూ పార్ట్ టైమ్ ఉద్యోగం చేసే మనిషిని. ఇక ఎవరికీ ఇవ్వకూడదనిపిస్తోంది.
— పేరు వద్దన్నారు, హనుమకొండ

జవాబు: 500 పోయాయి బాబూ, కోపం రావాల్సిందే. నాకైతే వారం ఉండేది.

అయితే బస్సు టికెట్ కావాలన్నవాడికి టికెట్టే కొనివ్వాలి, నోటు కాదు. "ఏ ఊరు? పదండి, కండక్టర్ దగ్గర తీసుకుందాం" అని నాలుగడుగులు వేస్తే చాలు, అసలు అవసరం ఉన్నవాడు మీ వెంటే వస్తాడు. ఆడవాళ్లు అడిగితే, "మీకు బస్సు ఫ్రీయే కదా" అని ఎగతాళి చేసేవాళ్లని చూశాను. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేని మాట నిజమే. కానీ గుర్తింపు కార్డు చూపించాలి. పర్సు పోయినావిడ దగ్గర ఆధార్ కార్డు మాత్రం ఉంటుందా? పక్క రాష్ట్రం నుంచి వచ్చినావిడకైతే అసలు వర్తించదు.

మీ స్తోమతకి 500 ఎక్కువ. జేబులో 50 విడిగా పెట్టుకోండి. అది అయిపోతే ఆ నెలకి అయిపోయినట్టే.

ప్రశ్న: వచ్చే నెల మా నాన్నగారి మొదటి ఆబ్దికం. నేను రాలేను. ఆయన చివరి రోజుల్లో ఉన్న ప్రభుత్వాసుపత్రి దగ్గర ఆయన పేరున 60 వేలతో ఒక రోజు భోజనాలు పెట్టించాలని ఉంది. తమ్ముడు ఆయన ఫొటోతో ఫ్లెక్సీ కట్టిద్దాం, వీడియో తీసి పంపిస్తాను అంటున్నాడు. మీరేమంటారు?
— డల్లాస్ నుంచి ఒక కొడుకు

జవాబు: బాబూ, మీది మా జిల్లాయో కాదో రాయలేదు. మా గోదావరి వైపు అన్నం పెట్టడం అనగానే గుర్తొచ్చే మనిషి డొక్కా సీతమ్మగారు. 1841 నుంచి 1909 దాకా బతికారు. లంకల గన్నవరంలో, వైనతేయ గోదావరి పక్కన, వేళాపాళా లేకుండా వచ్చినవాడికల్లా వండి పెట్టారు. ఇప్పుడు ఆంధ్రాలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి ఆవిడ ఫొటో కావాలని అడిగితే, ఆవిడ తీయించుకోనన్నారనీ, ఫొటో లేకుండా వెళ్తే నా ఉద్యోగం ఊడుతుందని అధికారి బతిమాలితే, అతని కడుపు కొట్టడం ఇష్టం లేక ఒప్పుకున్నారనీ మావాళ్లు చెప్పుకుంటారు. ఎంత నిజమో గానీ, ఆ కథ చెప్పడమంటే మావాళ్లకి మహా ఇష్టం.

మీ తమ్ముడికి ఈ కథ చెప్పండి. ఫ్లెక్సీ మీద నాన్నగారి బొమ్మ వేసుకోవచ్చు, నాకేం పేచీ లేదు. కానీ పళ్లెం పట్టుకున్నవాళ్ల మొహాలు మాత్రం వీడియోలో వద్దు. ఆసుపత్రి బట్టల్లో, తైలం లేని జుట్టుతో, నిద్రలేని కళ్లతో ఉన్నప్పుడు వాళ్ల బొమ్మ డల్లాస్ దాకా రావాలని ఎవరు కోరుకుంటారు?

ఇక భోజనాల సంగతి. ఒక్కరోజు బిర్యానీ పెడితే ఒక పూట గడుస్తుంది. 60 వేలతో దానికన్నా ఎక్కువ చేయొచ్చు. పెద్దాసుపత్రుల్లో రోగికి అన్నం, పాలు, గుడ్డు వస్తాయి. ఆపరేషన్ ఖర్చు 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ చూసుకుంటుంది, మా వైపు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. మరి మంచం పక్కన కూర్చున్న మనిషి సంగతి? ఆ మనిషి ఖర్చులు మా కౌంటర్ దగ్గర తేలేవి. మారేడుమిల్లి, అడ్డతీగల నుంచి అంబులెన్సులో వచ్చేవాళ్లు కట్టుబట్టలతో దిగేవాళ్లు. వాళ్లు మా షాపుకొచ్చి అడిగినవాటిలో మందులకన్నా వేరేవే ఎక్కువ. బకెట్టూ మగ్గూ. వేడినీళ్లకి ఫ్లాస్కు. పడుకోడానికి చాప, దోమల చుట్ట. ఫోన్ ఛార్జరు ఒక్క పది నిమిషాలు. కాన్పుల వార్డు నుంచి వచ్చే మగాళ్లు శానిటరీ ప్యాడ్లు అడగలేక, కాగితం మీద రాయించుకొచ్చి మడతపెట్టి ఇచ్చేవారు. కదలలేని ముసలివాళ్లకి పెద్ద డైపర్లు, ఆ ధర వినగానే అందరూ ఒక్క క్షణం ఆగేవారు. పసిపిల్లలకి మెత్తటి పాత పంచె గుడ్డ కావాలి. కొత్తది కొన్నా అంత మెత్తగా ఉండదు. మా అత్తగారు ఉతికి ఆరేసిన మామగారి పాత పంచెలు చింపి షాపులో ఒక అట్టపెట్టెలో పెట్టేవారు. ఎన్ని పెట్టినా పెట్టె ఖాళీయే.

అన్నిటికన్నా కష్టం డిశ్చార్జి రోజు. నడుముకి కట్టు కట్టించుకున్న మనిషి బస్సులో కూర్చోలేడు, ఆటోకి డబ్బులుండవు. "రేపు వెళ్తాం" అని మెట్ల మీదే ఇంకో రోజు గడిపినవాళ్లు నాకు తెలుసు.

కాబట్టి ఆబ్దికం రోజు ఒక పూట భోజనం పెట్టించండి, అది మీ తృప్తి. మిగతా డబ్బు ఆసుపత్రికి దగ్గర్లో నమ్మకమైన ఒక మందుల షాపులోనో, కిరాణా కొట్లోనో ఉంచి, వార్డులో నర్సమ్మ చీటీ రాసి పంపితే పైన చెప్పినవి ఇచ్చేలా మాట్లాడుకోండి. ముందు సూపరింటెండెంటుగారి అనుమతి తీసుకోవాలి. లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు, ఆపాలి కూడా. లెక్క నెలకోసారి తెప్పించుకోండి. ఏడ్పించే వీడియో కన్నా, "ఫ్లాస్కులు 9, పెద్ద డైపర్లు 40, రంపచోడవరం ఆటో 1" అని రాసిన కాగితం చదవడం మీకే బాగుంటుంది, చూడండి.

ప్రశ్న: మా ఇంట్లో పనిచేసే అమ్మకి బీపీ, షుగరు. ప్రైవేటు డాక్టరు రాసిన మందులకి నెలకి 1,800 దాకా అవుతోందని సగం వేసుకుని సగం మానేస్తోంది. మావారి పాత మందులు మిగిలాయి, బీపీవే, ఇవ్వొచ్చా?
— కూకట్‌పల్లి నుంచి

జవాబు: వద్దమ్మా. ఒకరి బీపీ మాత్ర ఇంకొకరికి సరిపడాలని లేదు. పైగా సగం వాడిన స్ట్రిప్పుల మీద ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క మొదటే చింపేసుంటారు. ఎంతమందికి చెప్పానో, తేదీ ఉన్న వైపు చివర్లో చింపండమ్మా అని. ఎవరూ వినరు.

ఆవిడకి డబ్బుకన్నా మీ ఉదయం రెండు గంటలు ఎక్కువ ఉపయోగం. 2018 నుంచి హైదరాబాదులో బస్తీ దవాఖానాలున్నాయి. పరీక్షలూ మందులూ ఉచితం. దగ్గర్లో ఉన్నదానికి పాత చీటీలతో తీసుకెళ్లండి. అక్కడ లేని మందుంటే, అదే మందు జన ఔషధి షాపులో ఎంతకి వస్తుందో అడగండి. చీటీ మీద ఉన్న కంపెనీ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చూపించాలి. ధరలో తేడా చూసి నేనే కౌంటర్ వెనక ఉండి సిగ్గుపడిన రోజులున్నాయి. మార్చే ముందు డాక్టరుకి ఒక మాట చెప్పించండి.

ఇన్సులిన్ వాడుతోందేమో కూడా అడగండి. ఇంట్లో ఫ్రిజ్ లేక ఇన్సులిన్ మానేసినవాళ్లున్నారు. తెరవని సీసాలు మీ ఫ్రిజ్‌లో తలుపు వైపు పెట్టనివ్వండి, వాడుతున్నది వాళ్లింట్లో నీళ్లకుండ పక్కన చల్లటి చోట ఉంటుంది. పనికి వచ్చినప్పుడు తనే తీసుకుంటుంది. ఆవిడ అడగక్కర్లేదు, మీరు ఇవ్వక్కర్లేదు.

ప్రశ్న: ఆంటీ, నేను ఎనిమిదో తరగతి. నా ఫ్రెండ్ ఈ మధ్య మధ్యాహ్నం ఏమీ తేవడం లేదు, ఆకలి లేదంటోంది. వాళ్ల నాన్నకి రొయ్యల చెరువు దగ్గర పని పోయిందని మా అమ్మ చెప్పింది. నా డబ్బా ఇస్తే తీసుకోవట్లేదు.
— భీమవరం

జవాబు: తల్లీ, నీ డబ్బా నువ్వే తిను. రేపు ఇద్దరికి సరిపడా పులిహోర తీసుకెళ్లు. మూత తీసి, "మా అమ్మ చూడు ఎంత కుక్కేసిందో, మిగిల్చి ఇంటికి తీసుకెళ్తే తిడుతుంది, కొంచెం సాయం చెయ్యవే" అని విసుక్కో. రెండో రోజు పెరుగన్నం. మూడో రోజుకి తనే స్పూన్ తెచ్చుకుంటుంది. తన లెక్కల నోట్సు కూడా అడిగి తీసుకో, నీకు వచ్చినా సరే.

అమ్మకి మాత్రం ఇవాళే చెప్పు. రోజూ డబ్బా తోమేది ఆవిడే, ఒక్క మెతుకు కూడా మిగలకుండా వస్తుంటే తెలిసిపోతుంది.