బానెట్ ఎత్తే ముందు: పాత పికప్ బండ్లపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పదేళ్లు దాటిన పికప్ బండ్ల గురించే. అన్నిటిలోనూ ఒక సంగతి కనపడింది. బండి మొరాయించగానే మెకానిక్ నోటి నుంచి ముందు ఖరీదైన సామాను పేరే వస్తోంది: డీజిల్ పంపు, హెడ్ (ఇంజన్ పై భాగం), మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసేది). విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపేవాణ్ణి కాబట్టి మావాళ్ల మీద మాట పడితే నాకూ గుచ్చుకుంటుంది. అయినా చెప్తున్నా. పాత బండిలో ముందు చూడాల్సినవి వాషర్లు, పైపులు, క్లిప్పులు, వైర్లు. ఇంజన్ విప్పడం ఆఖరి పని.

ప్రశ్న: కడియం నర్సరీల నుంచి మొక్కల లోడు తోలుతుంటాం. మాది 2011 మోడల్ బొలెరో పికప్. తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతోంది. ఒకసారి అందుకుందంటే మళ్లీ రాత్రి దాకా ఏ ఇబ్బందీ ఉండదు. డీజిల్ పంపు విప్పాలి, నలభై వేల దాకా అవుతుంది అంటున్నారు. విప్పించమంటారా?
— ఒక పాఠకురాలు, కడియం

వద్దమ్మా, ఇప్పుడే వద్దు. పంపు లోపల అరిగిన బండి ఎక్కువగా వేడెక్కాక ఏడిపిస్తుంది. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. మీ బండి రాత్రంతా నిలబడ్డాకే మొరాయిస్తోంది, వేడి మీద చక్కగా అందుకుంటోంది. అందుకే నా అనుమానం డీజిల్ లైన్ మీద. ఎక్కడో సన్నగా గాలి దూరుతోంది. ఆ గాలి వల్ల లైన్లో ఉన్న డీజిల్ రాత్రికి రాత్రి వెనక్కి, ట్యాంకులోకి దిగిపోతోంది. పొద్దున మీరు కొట్టే సెల్ఫ్ అంతా ఆ డీజిల్‌ని మళ్లీ పైకి లాగడానికే సరిపోతోంది.

దీన్ని పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఇవాళ రాత్రి బండిని ముక్కు పల్లానికి, వెనక భాగం మెరకకి వచ్చేలా ఆపండి. చక్రాలకి రాళ్లు పెట్టడం మరవకండి. అలా ఉంటే ట్యాంకు ఎత్తులో ఉంటుంది కాబట్టి డీజిల్ వెనక్కి పోవడం తగ్గుతుంది. పొద్దున గబుక్కున స్టార్ట్ అయిందంటే దొంగ సగం దొరికినట్టే. వాలు దొరక్కపోతే, సెల్ఫ్ కొట్టే ముందు ఫిల్టర్ దగ్గరున్న చేతి పంపుని గట్టిపడేదాకా నొక్కి చూడండి. అప్పుడు వెంటనే అందుకున్నా అర్థం అదే.

ఆ తర్వాత గాలి ఎక్కడ దూరుతోందో వెతకాలి. ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే పైపు బదులు, డీజిల్‌కి తట్టుకునే పారదర్శకమైన పైపు కాసేపు తగిలించి బండి స్టార్ట్ చేస్తే బుడగలు కంటికే కనపడతాయి. అవి వస్తున్నాయంటే వెనక్కి వెళ్తూ ఒక్కో జాయింటూ చూసుకోవాలి. నా అనుభవంలో ఎక్కువసార్లు దొరికేది బోల్టుల కింద ఉండే రాగి వాషరే. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ పాత వాషరే మళ్లీ బిగిస్తారు. అది ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఫిల్టర్ రబ్బరు రింగు, నీళ్లు వదిలే కింది స్క్రూ, చాసిస్ పక్కన క్లిప్పు కింద పగిలిన రబ్బరు పైపు కూడా చూపించండి.

ఇంకొకటి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ దగ్గర ఎవరినైనా నిలబెట్టండి. పొగేమీ రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా వెళ్లడం లేదు, అంటే పైన చెప్పినదే. తెల్ల పొగ వస్తూ ఉంటే డీజిల్ వెళ్తోంది గానీ మండటం లేదు. అప్పుడు బ్యాటరీని, ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ పట్టీని, హీటర్ ప్లగ్గులున్న ఇంజనైతే వాటిని, ఆ తర్వాతే కంప్రెషన్‌ని, అంటే సిలిండర్లో గాలి నొక్కుడు బలాన్ని చూడాలి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే ముందు దాని సంగతి చూడండి.

మీది కామన్ రైల్ ఇంజనైతే, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే రకమైతే, ఒక్క మాట. పాత అలవాటు కొద్దీ ఇంజన్ ఆన్‌లో ఉండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూడనివ్వకండి. అందులో ప్రెషర్ వెయ్యి బార్ దాటి కూడా పోతుంది. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ప్రశ్న: పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు లోడు మీద ఇంజన్ వేడెక్కిపోతోంది. థర్మోస్టాట్ వాల్వ్ తీసేయించాను, అయినా తగ్గలేదు. ఇప్పుడు హెడ్ విప్పాలంటున్నారు.
— ఒక డ్రైవర్, నర్సీపట్నం

మొదట, తీసేసిన వాల్వ్ మళ్లీ పెట్టించండి. ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కి నీళ్లు వదిలేది అదే. మన దగ్గర ఇదొక జాడ్యం. వేడెక్కిన ప్రతి బండికీ ముందు వాల్వ్ పీకేస్తారు. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వ్ తెరుచుకున్నప్పుడే పక్కనున్న బైపాస్ దారి మూసుకుంటుంది. అది లేకపోతే నీళ్లు రేడియేటర్‌కి పూర్తిగా వెళ్లకుండా ఇంజన్‌లోనే తిరుగుతుంటాయి, వేడి ఇంకా పెరుగుతుంది.

ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు వేడెక్కితే ఫ్యాన్‌ని అనుమానించాలి. మీకు లోడుతో ఎక్కేటప్పుడే వస్తోంది కాబట్టి రేడియేటర్ దగ్గర మొదలుపెట్టండి. ఊకా పురుగులూ దుమ్మూ రెక్కల మధ్య పేరుకుని ఉంటాయి. నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టాలి, ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. గ్రిల్ ముందు పేరు బోర్డులూ ఎక్స్‌ట్రా లైట్లూ బిగించి ఉంటే తీసేయండి. అందానికి పెట్టినవి గాలికి అడ్డం. రేడియేటర్ మూత కూడా మార్చండి. 0.9 బార్ మూత ప్రెషర్‌ని సరిగ్గా పట్టి ఉంచితే లోపలి నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు ఎండిపోతే నూరు దగ్గరే మరిగి పొంగిపోతాయి. బోరు నీళ్లు పోస్తూ వచ్చారేమో కూడా గుర్తు తెచ్చుకోండి. వాటిలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. కడిగించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించండి.

హెడ్ అనుమానం తీరాలంటే, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలోంచి బుడగలు ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ నొక్కితే ఎక్కువవుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. అప్పుడు విప్పాల్సిందే. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోకండి.

ప్రశ్న: అన్నా, మదనపల్లె నుంచి టమాటా లోడు తిరుపతి వైపు తోలతాను. భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు ముందు చక్రాల దగ్గర కాలిన వాసన, బ్రేకు పెడల్ మెత్తబడి లోపలికి పోతోంది. కిందికొచ్చి కాసేపు ఆగితే మళ్లీ మామూలే. వెనక లైనర్లు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ మార్చమంటున్నారు. నేను బండి కొన్నాక వెనక రెండు కమాను పట్టీలు ఎక్కువ వేయించాను, అంతకుమించి ఏమీ ముట్టుకోలేదు.
— ఒక పాఠకుడు, మదనపల్లె

తమ్ముడూ, ఆఖరి వాక్యంలో నువ్వే జవాబు రాశావు.

బండి కింద పడుకుని వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు ఉండే గొట్టం) దగ్గర చూడు. చాలా పికప్‌లలో చాసిస్‌కి ఒక వాల్వ్ బిగించి ఉంటుంది. దాని నుంచి సన్నని కడ్డీయో స్ప్రింగో హౌసింగ్‌కి తగిలించి ఉంటుంది. లోడు ఎక్కితే కమాన్లు కుంగుతాయి, చాసిస్ హౌసింగ్‌కి దగ్గరవుతుంది, కడ్డీ వాల్వ్‌ని నొక్కుతుంది, వెనక బ్రేకులకి పూర్తి ప్రెషర్ వెళ్తుంది. ఖాళీ బండికి వెనక చక్రాలు జామ్ అయి తోక తిప్పకుండా ప్రెషర్ తగ్గిస్తుంది. దాని పనంతా ఇదే.

నువ్వు రెండు పట్టీలు ఎక్కించావు. ఇప్పుడు టన్నుంపావు వేసినా కమాను కుంగదు. బండి ఖాళీగా ఉందని వాల్వ్ అనుకుంటుంది. వెనక బ్రేకులకి చాలీచాలని ప్రెషర్ పంపుతుంది. లోడు మొత్తాన్నీ ముందు చక్రాలే ఆపుతున్నాయి. వెనక లైనర్లు కొత్తగా ఉన్నాయని సంతోషపడకు, అవి పని చేయడం లేదు.

ముందు బ్రేకులు అంతలా కాగితే ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి ఎక్కుతుంది. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ హద్దు 140 దగ్గరికి పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరి ఉంటే పెడల్ మెత్తన. చల్లారాక ఆవిరి మళ్లీ ఆయిల్ అవుతుంది, పెడల్ గట్టిపడుతుంది. మాస్టర్ సిలిండర్ పోతే ఇలా కింద ఆగగానే బాగుపడదు. చల్లగా ఉన్నప్పుడు కూడా, పెడల్ మీద కాలు నొక్కిపెట్టి ఉంచితే మెల్లగా దిగిపోతుంది. అది చూసుకున్నాక మార్చాలో వద్దో నిర్ణయించుకో.

చేయాల్సిన పని: ఎక్కువ వేసిన పట్టీలు తీయించు, బండికి రాసిన బరువే వెయ్యి. వాల్వ్ కడ్డీ తుప్పుపట్టి ఇరుక్కుందేమో చూపించి, కంపెనీ కొలతకి సెట్ చేయించు. బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించు. ముందు ప్యాడ్లు గాజులా మెరుస్తుంటే అవి కూడా.

కొంతమంది ఆ కడ్డీని వైరుతో పైకి కట్టేస్తారు, వెనక బ్రేకు ఫుల్లుగా వస్తుందని. వాన రోజున ఖాళీ బండితో బ్రేకు కొడితే వెనక చక్రాలు జామ్ అయి బండి అడ్డం తిరుగుతుంది. ఆ పని చేయనివ్వకు. డీజిల్ మిగులుతుందని ఘాట్లో ఇంజన్ ఆపి దిగే అలవాటు ఉంటే ఈరోజే మానేయ్. ఇంజన్ తిరగకపోతే, కాలి బలానికి తోడుగా పెడల్‌ని నొక్కే బ్రేకు బూస్టర్‌కి వ్యాక్యూమ్ రాదు. ఉన్నది రెండు మూడు నొక్కులకే అయిపోతుంది. ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ అదే గేరు.

ప్రశ్న: బండి కదిలేటప్పుడు కింద 'టక్' మని చప్పుడు. గేరు పెట్టిన ప్రతిసారీ వస్తుంది.
— ఒక పాఠకుడు, గద్వాల

జాయింట్ షాఫ్ట్ క్రాస్, అంటే గేర్ బాక్సు నుంచి వెనక చక్రాలకి తిప్పుడు తీసుకెళ్లే షాఫ్ట్ చివర ఉండే జాయింట్. బండిని సమంగా ఉన్న చోట ఆపి, చక్రాలకి రాళ్లు పెట్టి, షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పితే ఆట తెలుస్తుంది. విప్పే ముందు షాఫ్ట్ మీద గీత పెట్టించండి. తిరగేసి బిగిస్తే చప్పుడు పోయి వణుకు మొదలవుతుంది.

ప్రశ్న: ఏడాదిలో ఆల్టర్నేటర్ రెండుసార్లు కాలిపోయింది. ఈ మధ్య బ్రేకు కూడా గట్టిగా ఉంటోంది. రెండూ ఒకేసారి రావడం నా ఖర్మ.
— ఒక పాఠకుడు, సూర్యాపేట

ఖర్మ కాదండీ, రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి. చాలా డీజిల్ పికప్‌లలో బ్రేకుకి వ్యాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. దానికి ఇంజన్ ఆయిల్ వెళ్తుంది. సీల్ పోతే ఆ ఆయిల్ ఆల్టర్నేటర్‌లోకి కారి బ్రష్షుల్ని పాడు చేస్తుంది. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు నొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త లోపలికి దిగాలి. దిగకపోతే వ్యాక్యూమ్ రావట్లేదు. పంపు సంగతి చూడకుండా మూడో ఆల్టర్నేటర్ కొనకండి.

ప్రశ్న: భీమవరం వైపు నుంచి 2013 మోడల్ టాటా 207 బేరానికి వచ్చింది. ఇంజన్ పని కొత్తగా చేయించామంటున్నారు. రంగు కూడా కొత్తగా ఉంది. ఏం చూసి కొనాలి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

రంగు కొత్తగా ఉందంటే నేనైతే ఇంకో గంట ఎక్కువ చూస్తాను. ఆ వైపు బండి అంటున్నారు కాబట్టి ఇంజన్ తర్వాత, ముందు చాసిస్. చేపలూ రొయ్యలూ వేసిన బండైతే ఐసు నీళ్లు ఏళ్ల తరబడి కింద కారి ఉంటాయి. ఉప్పు తగిలిన ఇనుమును తుప్పు లోపల్నుంచి తింటుంది, పైన నల్ల రంగు కొడితే ఏమీ తెలియదు. చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట శబ్దం చచ్చుగా వస్తుంది. వెనక కమాన్లు వేలాడే బ్రాకెట్ల దగ్గరా, రివెట్ల చుట్టూ, అదనంగా ప్లేటు వెల్డింగ్ చేసిన చోటా వేలు పెట్టి తడమండి. అక్కడ పాడైన బండికి ఎంత మంచి ఇంజనున్నా నేను కొనను.

ఇంజన్ చూడటానికి పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి పొగ చూడండి. నీలి పొగ ఆయిల్ కాలడం. నల్ల పొగ డీజిల్ ఎక్కువో గాలి తక్కువో, చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్‌తోనే పోతుంది. తర్వాత ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, ఆ కన్నం మీదే తిరగేసి పెట్టండి. మూత ఎగిరి పడుతుంటే బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది, అంటే సిలిండర్లోని గ్యాసు రింగుల సందుల్లోంచి కిందికి జారుతోంది. కొత్త ఇంజన్ పని అన్న మాట ఉత్తదే. కొంచెం ఆవిరి రావడం మామూలే, దానికి భయపడొద్దు. నిజంగా పని చేయించి ఉంటే పిస్టన్లు, రింగులు కొన్న బిల్లు చూపించమనండి.

కాగితాల విషయం ఇంకా ముఖ్యం. ఆంధ్ర బండిని తెలంగాణకి మార్చుకోవాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అంటే ఫారం 28 కావాలి. ఫైనాన్స్ ఉంటే ఫారం 35తో ఆ ఫైనాన్స్ నమోదు కొట్టేయించాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, ఆ తేదీ ఎప్పటిదో చూసుకోండి. పెండింగ్ చలాన్లు కూడా. ఇవి తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

ప్రశ్న: ఇంజన్ ఆయిల్ పోయకుండానే లెవెల్ పెరుగుతోంది. మంచిదే కదా అని ఊరుకున్నాను.
— ఒక పాఠకుడు, ఆదోని

ఇది చదివాక బండి తీయకండి. గేజ్ కడ్డీ తీసి వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే ఫీడ్ పంపో, పంపు సీలో, ఇంజెక్టరో కారి డీజిల్ ఆయిల్‌లో కలుస్తోంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. రెండిట్లో ఏదైనా బేరింగులు కాలిపోతాయి.

డీజిల్ కలిసి లెవెల్ బాగా పెరిగితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇంజన్ తన ఆయిల్‌నే పీల్చి మండించుకోవడం మొదలుపెడుతుంది. తాళం తీసినా ఆగదు, స్పీడు పెరుగుతూనే పోతుంది. ఎప్పుడైనా అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, టాప్ గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేయండి. బండి ఆగిపోతుంది. అలా కాకపోతే గాలి వెళ్లే పైపుని చెక్కతో మూసేయాలి. చెయ్యి, గుడ్డ మాత్రం పెట్టకండి, లాగేసుకుంటుంది.