‘గుండె ఆగింది’ అంటే కారణం చెప్పినట్టేనా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాలుగు నెలల క్రితం నాకు పాప పుట్టి మూడో రోజు చనిపోయింది. ఆస్పత్రి కాగితంలో ‘గుండె, శ్వాస ఆగి మరణం’ అని మాత్రమే ఉంది. నెలన్నర తర్వాత ఒక ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి గంటకు పైగా ప్రశ్నలడిగింది. పుట్టగానే ఏడ్చిందా, పాలు తాగిందా, ఒళ్లు చల్లబడిందా అంటూ. నా తప్పు వెతుకుతున్నట్టే అనిపించింది. మా ఇంట్లో వాళ్లు అనేది కూడా అదే. ఏ పరీక్షా లేకుండా, పాప పోయాక నన్ను అడిగితే కారణం తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి చెబుతాను. గుండె, ఊపిరి ఆగడమంటే చనిపోవడమే, అది కారణం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాల ప్రకారం కూడా మరణ పత్రంలో దాన్ని కారణంగా రాయకూడదు. ఎందుకు ఆగిందో రాయాలి. నెలలు నిండకపోవడం వల్లా, కాన్పులో ఊపిరి అందకపోవడం వల్లా, ఇన్ఫెక్షన్ వల్లా, పుట్టుకతో ఉన్న లోపం వల్లా? ఆ చోటు ఖాళీగా వదిలేశారు కాబట్టే ఇంట్లో వాళ్లు అక్కడ మీ పేరు రాసుకున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మీ దగ్గర జరిగినదాన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. పోస్ట్‌మార్టం చేయలేని చోట, బిడ్డను దగ్గరగా చూసినవాళ్ల మాటల నుంచి కారణం తేల్చే పద్ధతి. అలాంటి ఫారాలు చదవడం పదకొండేళ్లుగా నా పని. అందులో ఒక్క ప్రశ్న కూడా తప్పు పట్టడానికి పెట్టింది కాదు. పుట్టగానే ఏడ్చిందా అని అడిగేది కాన్పు సమయంలో ఊపిరి అందిందో లేదో తెలియడానికి. ఎన్నో నెలలో పుట్టింది, మరీ చిన్నగా ఉందా అన్నది నెలలు నిండాయో లేదో చూడటానికి. మొదటి రెండు రోజులు బాగా పాలు తాగి, తర్వాత దవడ బిగిసి తాగలేకపోయి, ఒళ్లు విల్లులా వంగి ఫిట్స్ వస్తే ధనుర్వాతం అనుకుంటాం. జ్వరమో, ఒళ్లు చల్లబడటమో ఉండి, డొక్కలెగరేసి, మాడు ఉబ్బితే ఇన్ఫెక్షన్ వైపు చూస్తాం.

నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒక ఫారంలో ‘చనిపోయి పుట్టింది’ అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. బిడ్డ ఏడవలేదు కాబట్టి అలా పెట్టారు. నేనూ సంతకం చేసేయబోయాను. చివరి పేజీలో తల్లి సొంత మాటలు రాసే చోట ఒక వాక్యం ఉంది: ‘రెండుసార్లు నోరు తెరిచి ఎగపీల్చింది, కాలు కదిపింది.’ అంటే ఆ బిడ్డ బతికే పుట్టింది. కాన్పులో ఊపిరి అందక చనిపోయింది. కారణం మారింది, చేయాల్సిన పనీ మారింది. కాన్పు చేసే చోట బిడ్డకు ఊపిరి అందించే బ్యాగు, మాస్కు ఉండి, అవి వాడటం వచ్చిన మనిషి ఉండాలి. ఆ తల్లి మాట ఒక్కటి లేకపోతే అది ఎవరికీ తెలిసేది కాదు. అప్పట్నుంచి నేను ప్రతి ఫారమూ చివరి పేజీ నుంచే మొదలుపెడతాను.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. నెలలు నిండని బిడ్డ, ఊపిరి అందని బిడ్డ, ఇన్ఫెక్షన్ సోకిన బిడ్డ, ముగ్గురూ పాలు తాగరు, ముగ్గురికీ ఆయాసం ఉంటుంది. అందుకే ఒకే ఫారాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి, పొసగకపోతే మళ్లీ చూస్తారు. కొన్నిచోట్ల కంప్యూటర్ ప్రోగ్రాముతో లెక్క కడతారు. పరీక్షలున్నా అన్నీ తేలవు. బంగ్లాదేశ్, భారత్, పాకిస్తాన్‌లలో ‘అనీసా’ అనే పెద్ద అధ్యయనం ఇన్ఫెక్షన్ అనుమానించిన పసిపిల్లల రక్తాన్నీ, గొంతు, ముక్కు నమూనాలనీ పరీక్షించింది. 2018లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ మందిలో ఏ క్రిమి అన్నది దొరకలేదు.

ఇప్పుడు ‘ఛాంప్స్’ అనే కార్యక్రమం ఆఫ్రికా, దక్షిణాసియాల్లో కొన్నిచోట్ల ఇంకో దారి పట్టింది. కుటుంబం ఒప్పుకుంటే, శరీరాన్ని కోయకుండా ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు నుంచి సూదితో కొద్దిపాటి నమూనాలు తీస్తారు. ఒక మరణం వెనక ఒకటికి మించి కారణాలు ఉండటం అందులో తరచూ బయటపడింది. ఆస్పత్రిలోనే సోకే క్లెబ్సియెల్లా లాంటి క్రిములూ కనిపించాయి. కానీ దీనికి మంచి ల్యాబు, నిపుణులు కావాలి. 2022లో ప్రపంచంలో 28 రోజులు నిండకుండా పోయిన బిడ్డలు 23 లక్షల మంది. ఇంతమందికీ ఆ సౌకర్యం లేదు. అందుకే మీలాంటి తల్లుల దగ్గరికి రావాల్సి వస్తోంది.

వచ్చిన అమ్మాయి ఎందుకు అడుగుతోందో ముందే చెప్పాల్సింది. మీరు ఏడిస్తే ఆగాల్సింది. ఫారం నింపాలన్న టెన్షన్ వాళ్లకూ ఉంటుంది, నిజమే, అయినా చెప్పాల్సింది.

మీ ఉత్తరంలో ఉన్న కొద్దిపాటి వివరాలతో పాపకు ఏమైందో నేను చెప్పలేను. ఆస్పత్రి నుంచి కేసు షీటు నకలు తీసుకోండి. బరువు, ఎన్ని వారాలకు పుట్టింది, ఊపిరి పోయడానికి ఏం చేశారు, ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, మీ బీపీ, జ్వరం... ఇవన్నీ అందులో ఉండాలి. 2016 నుంచి ఉన్న అంతర్జాతీయ పద్ధతిలో బిడ్డ మరణ కారణం పక్కన తల్లి ఆరోగ్య పరిస్థితినీ రాస్తారు. పరిస్థితి అంటే బీపీ, మాయ జబ్బు లాంటివి, తల్లి తప్పు కాదు. మీ ఇంట్లో వాళ్లకు ఈ పేరా చదివి వినిపించండి. మళ్లీ గర్భం అనుకునే ముందు ఆ షీటు తీసుకుని డాక్టర్ని కలవండి.

ఈలోగా, గుర్తున్నదంతా ఒక కాగితం మీద గంటల వారీగా రాసిపెట్టుకోండి. పాప మొదటి రోజు పాలు తాగిందో లేదో మీరు నాకు రాయలేదు. దాంతోనే మొదలుపెట్టండి.