పిడుదుల్ని అశ్రద్ధ చెయ్యకు

చి. స్వాతికి, పెదనాన్న ఆశీస్సులు.

కుక్కపిల్ల చెవుల్లో పిడుదులు కనిపిస్తే చేత్తోనే పీకేశావట, మీ అమ్మ చెప్పింది. పసివాడున్న ఇల్లు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ పీకడం సంగతి. ఉత్తి వేళ్లతో పట్టుకోకు, గోటితో అస్సలు నలపకు. దాని ఒంట్లో రోగక్రిములుంటే, నీ వేలి మీద చిన్న గాటు ఉన్నా లోపలికి పోతాయి. సన్న మొనల ట్వీజర్ తీసుకో. వెంట్రుకలు పాయ తీసి, పిడుదు నోరు దిగిన చోట, చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగు. ఊడినదాన్ని స్పిరిట్ పోసిన సీసాలో వెయ్యి. కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం మనవాళ్లకు అలవాటు; నువ్వు చెయ్యొద్దు. కాలివేళ్ల సందులు, చంకలు, బెల్టు కింద, తోక కింద రోజూ చూడు.

అయితే కుక్క మీద కనిపించేవి కొన్నే. రక్తం తాగిన ఆడ పిడుదు ఆముదం గింజలా ఉబ్బి కిందికి రాలుతుంది. గోడ పగుళ్లలోకో, తలుపు చట్రం వెనక్కో పాకి వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. వాటిలోంచి వచ్చిన పిల్లలు కుక్కనెక్కి రక్తం తాగడం, రాలడం, పగుళ్లలో కుబుసం విడిచి మళ్లీ ఎక్కడం... పెద్దవయ్యేదాకా ఇదే తంతు. అందుకే ఒక్క స్నానంతో పీడ వదలదు. డాక్టరు కుక్క బరువు చూసి రాసిన మాత్రో, చుక్కల మందో నెలల తరబడి తేదీ తప్పకుండా వాడాలి. పడక గుడ్డలు వేడినీళ్లలో ఉతుకు, పగుళ్లు పూడ్పించు. పశువులకు కొట్టే మందు తెచ్చి అంచనాగా కలిపి పోయకు. పిల్లిని కూడా పెంచుతున్నావు కాబట్టి ఇది గుర్తుంచుకో: కుక్కల చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అది పిల్లి ప్రాణం తీస్తుంది.

కుక్క తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం కారినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఆ రోజే రక్తపరీక్ష చేయించు. పిడుదులు కుక్కకు అంటించే ఎర్లీషియా అనే రోగానికి డాక్సీసైక్లిన్ సుమారు 4 వారాలు ఇస్తారు. నాలుగో రోజుకే కుక్క గెంతులేస్తుంది, అది చూసి మందు ఆపేవాళ్లే ఎక్కువ. నువ్వు ఆపకు. పిడుదులే తెచ్చే ఇంకో రోగం, బబీసియాకు మందు వేరు, కాబట్టి మెడికల్ షాపులో అడిగి వేసెయ్యకు.

ఇక మనుషుల మాట. కుక్క పిడుదు వల్ల మనకూ టిక్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. జ్వరం, తలనొప్పి, ఆ తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో కూడా దద్దుర్లు. బాబుకు జ్వరమొస్తే ఇంట్లో పిడుదులున్న సంగతి డాక్టరుకు నువ్వే ముందు చెప్పు. ఆయన అడగకపోవచ్చు, ఆలస్యమైతే ప్రమాదం. ఒంటి మీద నల్లటి పొక్కు ఉందేమో కూడా చూడు. స్క్రబ్ టైఫస్‌లోనూ అలాంటిదే వస్తుంది గానీ, దాన్ని తెచ్చేది పిడుదు కాదు, పొదల్లో ఉండే మరీ చిన్న పురుగు.

సంక్రాంతి సెలవులకు శివమొగ్గ అడవుల వైపు వెళ్తున్నారట. పిడుదులే అంటించే క్యాసనూరు అడవి జ్వరం 1957లో బయటపడింది ఆ జిల్లాలోనే. డిసెంబరు నుంచి మే దాకా ఎక్కువ. అది వైరస్, దానికంటూ ప్రత్యేకమైన మందు లేదు. రాలిన ఆకుల మీద కూర్చోవద్దు, ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోకుండా అక్కడి ఆరోగ్య సిబ్బందికి చెప్పండి. గదికి రాగానే బట్టలు మార్చి, స్నానం చేసి, బాబు చెవుల వెనక, తలలో వెతుకు.

కుక్కకు ఇప్పుడు వాడుతున్న మందు అట్ట ఫోటో తీసి పంపు, చూస్తాను.

ఇట్లు,
పెదనాన్న